నాన్న బిగించిన బిరడా

పడవలోకి నీళ్ళు వస్తున్నాయి, ఎక్కడినుంచో తెలియడం లేదు. ఇంత చిన్న సంగతి ఆ ఇంట్లో ఎండాకాలమంతా నలిగింది. "ఎక్కడో పగులుంది" అనేవాడు నాన్న. "పగులూ లేదు పాడూ లేదు, వయసు" అనేది వదిన, వంటింట్లో గిన్నెలతో చెబుతున్నట్టుగా. అన్నయ్య మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకుండా నాన్న వంక ఒక చూపు చూసేవాడు. ఆ చూపుకంటే వదిన మాటలే నయమనిపించేవి చిన్నదానికి.

చిన్నదంటే ఆ ఇంటి ఆడపిల్ల. నలభై దగ్గర పడుతున్నా, ఆసుపత్రి ల్యాబులో పదిమందిని పరుగులు పెట్టిస్తున్నా, పుట్టింటి గడప తొక్కితే మళ్ళీ చిన్నదే. ఆమె కాపురం రెండు వీధుల అవతల. అందుకని ఈ ఇంటి తగువులన్నిటికీ పిలవకుండానే హాజరవుతుంది.

ఇంతకీ ఆ పడవ చేపలు పట్టే పడవ కాదు. సెలవురోజు జలాశయంలో షికారు తిరగడానికి నాన్న సరదాపడి కొనుక్కున్న తెల్లటి ఫైబరు మోటారు బోటు. వెనక ఇంజను, ముందు స్టీరింగు, నెత్తిన ఎండకు చిన్న గుడ్డ పందిరి. కర్మాగారంలో ఫిట్టరుగా జీవితమంతా నట్లు బిగించి రిటైరైన మనిషాయన. తోటివాళ్ళు పార్కులో కూర్చుని మోకాళ్ళ నొప్పులు పోల్చుకుంటుంటే ఈయన గాలి ఎటు వీస్తోందో చూసుకునేవాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి. స్టీరింగు పట్టుకుంటే మాత్రం ముప్ఫై.

అలాంటి ప్రతి పడవకీ వెనక గోడకి, బాగా కిందగా, బొటనవేలు పట్టేంత కన్నం ఒకటి ఉంటుంది. ఒడ్డుకు లాగాక లోపలి తడి కారిపోవడానికి. నీళ్ళలోకి దించేముందు ఆ కన్నానికి బయటివైపునుంచి మరలున్న ఇత్తడి బిరడా బిగించాలి. బిగించకపోతే ఏమవుతుందో చిన్నపిల్లాడైనా చెబుతాడు. పానా పెడితే మరలు అరిగిపోతాయని నాన్న దాన్ని చేత్తోనే బిగించేవాడు. ఆ పని ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. అనుమానం ఎక్కడికి వెళ్ళి వాలిందో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మొదటిసారి కాళ్ళ కింద తడి కనబడితే ఎవరో మంచినీళ్ళ సీసా ఒలకబోశారనుకున్నారు. ఇంకోసారి నేల పలకల కింద గలగలమని చప్పుడైంది. తరవాత ఒక ఆదివారం, జలాశయం నడిమధ్యలో, అన్నయ్య కూతురు "తాతా, నా చెప్పులు తేలుతున్నాయి చూడు" అని నవ్వింది. పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు. ఆ సాయంత్రమే వదిన తేల్చి చెప్పేసింది, పిల్ల ఇక ఆ పడవ ఎక్కదని. పిల్ల ఏడ్చింది. తాత ఏడవలేదు గానీ కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

వాళ్ళ భయం గాలిలోంచి పుట్టింది కాదు. నాన్నకి ఒక అన్నగారుండేవాడు. మొదట పొయ్యి ఆర్పడం మర్చిపోయాడు. తరవాత ఇంటికి దారి మర్చిపోయాడు. చివరికి, రోజూ వెళ్ళి అన్నం తినిపించే తమ్ముణ్ణి పట్టుకుని "ఎవరు బాబూ మీరు" అని మర్యాదగా అడిగేవాడు. అదంతా అన్నాచెల్లెళ్ళిద్దరూ దగ్గరుండి చూశారు. అందుకే ఇప్పుడు బిరడా మాట పైకి ఎవరూ ఎత్తకపోయినా అందరి నాలుక చివరా అదే ఉంది. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ గుసగుసలు భరించలేక ఒకరోజు నాన్నే తెగేసి చెప్పాడు.

"చాటుమాటు మాటలెందుకు? పడవలో కన్నం ఉంటే వెతికి పట్టుకోండి. ఈ ఆదివారం లోపల దొరకలేదా, కన్నం నా బుర్రలోనే ఉందనుకుందాం. పడవ తాళాలు ఇచ్చేస్తాను. కారు తాళాలూ ఇచ్చేస్తాను. ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే ఆ డాక్టరు దగ్గరికి వస్తాను."

"అంత మాటెందుకు నాన్నా" అన్నాడు అన్నయ్య. అని ఊరుకున్నాడు. వద్దని మాత్రం అనలేదు.

చిన్నదానికి ఒళ్ళు మండింది. అన్నయ్యది బీమా ఆఫీసులో ఉద్యోగం. ఎవరి ఇల్లు ఎప్పుడు కాలుతుందో, ఎవరి బండి ఎక్కడ గుద్దుకుంటుందో అంచనా కట్టే పని. ఆ పని చేసీచేసీ, నిర్మలంగా ఉన్న ఆకాశంలో కూడా పిడుగు కోసం వెతికే మనిషైపోయాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. భయస్థుడితో వేగడం ఒక్కోసారి చెడ్డవాడితో వేగడం కంటే కష్టం.

ఆమె సెలవు పెట్టింది. రేవు పక్కన రేకుల షెడ్డులో ఉండే మెకానిక్ దగ్గరికి పడవను ట్రైలరు మీద తోలించుకు వెళ్ళింది.

"పడవన్నాక నీళ్ళు రావామ్మా? రాకపోతే అది అటక మీద సామాను" అన్నాడు మెకానిక్.

"జోకులు తరవాత. కన్నం దొరకాలి. దొరక్కపోతే మా నాన్న బతికుండగానే అటకెక్కుతాడు."

అతను ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. పద్ధతి చెప్పాడు. పడవను నీళ్ళలోకి దింపితే లీకు కనబడదు. నీళ్ళనే పడవలో నింపాలి. బయటినుంచి లోపలికి వచ్చే దారి ఉంటే లోపలినుంచి బయటికీ అదే దారి. ఎక్కడ కారితే అక్కడే దొంగ.

బిరడా బిగించి గొట్టంతో లోపల నీళ్ళు నింపారు. చిన్నది పాత దుప్పటి పరుచుకుని పడవ కింద వెల్లకిలా దూరింది. టార్చి వేసుకుని ముందునుంచి వెనక్కి జానెడు జానెడు తడుముతూ జరిగింది. కీలుకీలుకీ పొడి కాగితం అద్ది చూసింది. ఇంజను పట్టీల బోల్టుల దగ్గర చూసింది, లోపలి నీళ్ళను తోడిపోసే పంపు గొట్టం దగ్గర చూసింది, నిచ్చెన మేకుల దగ్గర చూసింది. అంతా ఎండిన ఎముకలా ఉంది. ఆసుపత్రిలో ఎవరి నెత్తురు పరీక్షించినా జబ్బు దొరక్కూడదనే కోరుకుంటుందామె. ఇక్కడ పడుకుని, భగవంతుడా ఎక్కడైనా ఒక పగులు చూపించు అని దండం పెట్టుకుంది.

వెనక బోల్టు కింద ఒక చుక్క మెరిసింది. 

"దొరికింది, ఇటు రండి" అని కేకేసింది.

మెకానిక్ వంగి చూశాడు. వేలితో తుడిచాడు. ఇద్దరూ కళ్ళార్పకుండా కాచుకుని కూర్చున్నారు. ఇంకో చుక్క రాలేదు. పైన అంచుమీద వేలాడుతున్న గొట్టం నుంచి జారిందది. చిన్నదానికి ఏడుపొచ్చినంత పనైంది.

అంతటితో వదల్లేదు. ల్యాబులో ఆమె అందరికీ చెప్పేదొకటే, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి అని. ఆ వారమంతా సాయంత్రాలు పడవను రేవులో దించి, ఒక చుట్టు తిప్పి, పలకలెత్తి చూసింది. మెకానిక్ బిరడా బిగించిన రోజు లోపల పొడి. తను బిగించిన రోజు పొడి. ఆఫీసునుంచి వచ్చి, పడవ వెనక కింద కూర్చుని అన్నయ్య బిగించిన రోజూ పొడే. అదే పడవ, అవే నీళ్ళు, అదే ఇంజను. మారిందల్లా బిగించిన చెయ్యి. నాన్నను గట్టెక్కిద్దామని మొదలుపెట్టిన పరీక్ష కొరివితో తల గోక్కున్నట్టయింది.

"చూశావుగా" అన్నాడు అన్నయ్య, పలక మూస్తూ.

"ఏం చూశాను?"

"నేనేమీ అనలేదు."

"అనవు. నీతో వచ్చిన చిక్కే అది" అంది చిన్నది, విసురుగా లైఫ్ జాకెట్టు విప్పి పడేస్తూ.

శనివారం సాయంత్రం ఆమె పుట్టింటికి వెళ్ళేసరికి నాన్న ఒక్కడే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. బల్లమీద పాత బనీను ముక్క. చేతిలో ఆ ఇత్తడి బిరడా. దాన్ని తళతళలాడేదాకా తోమాడు, ఇంకా తోముతూనే ఉన్నాడు.

"ఏం తేలింది?" అన్నాడు తలెత్తకుండా.

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పినా ఆయన నమ్మడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"అందరూ బిగిస్తే నిలుస్తోంది, నేను బిగిస్తే నిలవడం లేదు. అంతేనా?"

ఆమె కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇంకో సంగతి ఉంది. మీకు చెప్పలేదు." ఆయన బిరడాను బల్లమీద పెట్టాడు. "ఒడ్డుకు రాగానే దీన్ని తీసేది నేనే కదా. తీసేటప్పుడు వదులుగా ఉంటోంది. నీళ్ళొచ్చిన ప్రతిసారీ వదులుగానే ఉంది. ఇలా ముట్టుకుంటే చాలు, ఊడి వచ్చేస్తోంది. నేను బిగించినట్టు నాకు గుర్తు. బాగా గుర్తు. బిగించిన చెయ్యి నొప్పి కూడా గుర్తే. కానీ వస్తువు అబద్ధం చెప్పదు కదే."

"ఎవరికీ చెప్పలేదేం నాన్నా?"

"చెబితే ఏమనుకుంటారు?" అన్నాడు. "ఏమనుకోవాలో నాకే తెలియకపోతే."

ఆమెకు ఆయనను పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడిస్తే ఆయన భయం నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. మింగలేక కక్కలేక లేచి టీ పెట్టింది. పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు ఆలోచన తట్టింది. బిరడా వదులుగా ఉందంటే రెండే మార్గాలు. మొదటినుంచీ వదులుగా ఉండాలి, లేకపోతే మధ్యలో వదులవ్వాలి. మొదటిదైతే నాన్న ఓడిపోయినట్టు. రెండోదైతే ఇంజను అదురుకో దేనికో తిరిగిపోతోందన్నమాట. అది తేల్చాలంటే, ఆయన బిగించిన మరుక్షణం బిరడా మీదా పక్కన పడవ మీదా కలిసేలా అడ్డంగా ఒక గీత గీస్తే సరి. తిరిగితే గీత తెగుతుంది. ఆమె చేతిసంచీలో ఎర్రటి గోళ్ళరంగు సీసా ఒకటి ఎన్నాళ్ళనుంచో పడి ఉంది.

నాన్నే బిగించి చూసే ఆఖరి పరీక్షకు ముగ్గురూ బయలుదేరిన ఆదివారం గాలి కాస్త ఎక్కువగానే ఉంది. రేవులో పడవలు దించే సిమెంటు వాలు మొదట్లో కారు ఆపి, నాన్న దిగి, పడవ వెనక్కి వెళ్ళాడు. అన్నయ్య అవతల పక్కన లైఫ్ జాకెట్లు పడవలోకి విసురుతున్నాడు. నాన్న మోకాళ్ళమీద కూర్చుని, బిరడాను కన్నంలో పెట్టి తిప్పాడు. మెడ నరాలు పొంగేదాకా తిప్పాడు. వదిలేసి, మళ్ళీ పట్టుకుని ఇంకోసారి తిప్పి చూశాడు. కదల్లేదు. అప్పుడు కూతురి వంక చూశాడు. ఆ చూపులో ఉన్నది కోపం కాదు, వేడుకోలు. ఆమె తల ఊపింది. ఆయన లేచి కారు దగ్గరికి నడిచాడు.

ఆమె చటుక్కున వంగి గీత గీసింది. తొందరలో రంగు ముద్దగా పడింది. ఆరేదాకా ఆగే వ్యవధి లేదు. కారును వెనక్కి నడపడానికి నాన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఆమె పరుగున వాలు దిగి, రాళ్ళేమైనా అడ్డున్నాయేమో చూస్తూ చెయ్యి ఊపింది. ఎప్పటిలాగే అన్నయ్య పడవలో ఎక్కి ఇంజను దగ్గర నిలబడ్డాడు.

పడవ నీళ్ళలో తేలింది. నాన్నా, చిన్నదీ కూడా ఎక్కారు. చిన్నది వెనకే కూర్చుని, నేల పలక ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ చీకటి గూట్లోకి చూస్తూ ఉండిపోయింది.

ఒడ్డు దూరమైంది. అడుగున పొడిగానే ఉంది. నాన్న వెనక్కి తిరగడం లేదు గానీ ఆయన వీపు వింటోందని ఆమెకు తెలుసు.

"ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు నాన్నా."

మధ్యకు వచ్చారు. అలలు పడవ పక్కలను దబదబ బాదుతున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. గెలుస్తున్నాం అనుకుంది. అనుకున్నదే తడవు, గూట్లో వెనక గోడ దగ్గర ఏదో టక్కుమంది. ఆ వెంటనే బొటనవేలంత లావు ధార లోపలికి దూకింది.

కారడం కాదది. ఊడిపోయింది.

"నాన్నా, బిరడా పోయింది" అంది. 

అన్నయ్య ఒక్క గెంతులో పంపు మీట నొక్కాడు. పంపు రెండుసార్లు దగ్గి నీళ్ళు కక్కడం మొదలుపెట్టింది. అది తోడే నీళ్ళకంటే వచ్చే నీళ్ళు ఎక్కువని చూస్తుండగానే తెలిసిపోయింది. అన్నయ్య మొహం పాలిపోయింది. "ఇంజను ఆపు నాన్నా, ఆపి ఎవరినైనా పిలుద్దాం" అని అరిచాడు.

"ఆపితే మునుగుతాం" అన్నాడు నాన్న. ఆయన గొంతులో తొట్రుపాటు లేదు. "చిన్నదానా, తువ్వాలు తీసుకుని కన్నంలో కుక్కు. ఒరేయ్, నువ్వు బకెట్టు పట్టుకో. వెనక బరువు ఎక్కువైతే ఇది లేవదు. ఆ పెట్రోలు డబ్బా ముందుకి తోసెయ్యి. పడవ ముక్కు లేచి పరుగందుకుందంటే కన్నంలోంచి నీళ్ళే బయటికి పోతాయి. గట్టిగా పట్టుకోండి."

ఆమె బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి గూట్లో దూర్చింది. నీళ్ళు చల్లగా, బలంగా చేతిని తోసేస్తున్నాయి. తువ్వాలు కొస మెలిపెట్టి కన్నంలోకి పొడిచింది. ఊడి వచ్చేసింది. మళ్ళీ పొడిచింది. బుగ్గ పలకకు ఆనించి, పళ్ళు బిగించి, అరచేత్తో అదిమి పట్టుకుంది. ఇంజను గర్జించింది. పడవ లేవలేదు. బరువెక్కిన వెనకభాగం నీళ్ళలో ఈడుస్తోంది. ఒక అల అంచు దాటి ఆమె వీపుమీద విరుచుకుపడింది. ఇక్కడే పోతామా అనుకుంది. ఇంట్లో పిల్లలు స్నానాలు చేసి ఉంటారు అనుకుంది.

నాన్న స్టీరింగును కాస్త తిప్పి, అలకు అడ్డంగా కాకుండా అల వెంబడి పెట్టాడు. వెనకనుంచి వచ్చిన అల ఎత్తగానే ఇంజనుకు ఉన్న జోరంతా ఇచ్చాడు. పడవ ముందు మూలిగి, తరవాత లేచింది. తువ్వాలును లోపలికి తోస్తున్న నీళ్ళు ఇప్పుడు బయటికి లాగడం ఆమె అరచేతికి తెలిసింది. బతికాం అనుకుంది.

అన్నయ్య ఆమె పక్కనే మోకాళ్ళమీద కూర్చుని బకెట్టుతో తోడి పోస్తున్నాడు. అతని చెయ్యి ఆమె కళ్ళముందే కిందికీ పైకీ తిరుగుతోంది. వేళ్ళ చివర ఎర్రగా ఉంది.

"అన్నయ్యా, చెయ్యి తెగినట్టుంది" అంది.

అతను చూసుకున్నాడు. "లేదే. గ్రీజేమో" అన్నాడు.

గ్రీజు ఎర్రగా ఉండదు. నెత్తురైతే ఇన్ని నీళ్ళలో నిలవదు. ఆమె చూపు ఆ వేళ్ళమీదే ఆగిపోయింది. 

రేవులో మెకానిక్ ఎదురొచ్చి పడవను ట్రైలరు మీదికి లాగించాడు. కన్నంలోంచి నీళ్ళు ధారగా సిమెంటు వాలుమీదికి పోతున్నాయి. నాన్న ఆ ధార వంక చూస్తూ నిలబడ్డాడు. పడవలో అంత నిబ్బరంగా ఉన్న మనిషి ఇప్పుడు కాస్త ఊగుతున్నాడు. జేబులోంచి తాళాలు తీశాడు. పడవవీ, కారువీ. తీసి కొడుకు ముందు చెయ్యి చాచాడు.

"తీసుకోరా. మీ ఇద్దరినీ చంపేసి ఉండేవాణ్ణి."

అన్నయ్య చెయ్యి చాపబోయాడు.

"ఆ చెయ్యి ఒకసారి చూపించు" అంది చిన్నది.

గుమ్మడికాయల దొంగ అనకముందే అతను భుజాలు తడుముకున్నాడు. చెయ్యి వెనక్కి పోయింది. ఆమె మణికట్టు పట్టుకుని ముందుకు లాగి, వేళ్ళు నాన్నకు చూపించింది.

"ఇది నా గోళ్ళరంగు. నువ్వు బిగించాక బిరడా మీద నేను గీసింది నాన్నా. తడి ఆరకముందే ఎవరో దాన్ని ముట్టుకున్నారు."

"నేను విప్పలేదు" అన్నాడు అన్నయ్య. "నామీద ఒట్టు, నేను విప్పలేదు. బిగించాను."

నాన్న తాళాలున్న చెయ్యి దించాడు. అన్నయ్య గబగబా చెప్పుకుపోయాడు. మొదటి నీళ్ళ కంటే ముందునుంచే, ఈ ఎండాకాలం మొదలైన దగ్గరనుంచి, నాన్న బిగించి కారు దగ్గరికి వెళ్ళగానే, ఇంజను చూస్తున్నట్టు నిలబడి, లోపలినుంచే వెనక గోడమీదుగా వంగి, చెయ్యి కిందికి పోనిచ్చి, బిరడాను ఇంకాస్త బిగిస్తున్నాడు. నాన్న చూస్తే చిన్నబుచ్చుకుంటాడని చాటుగా చేస్తున్నాడు.

"ప్రతిసారీ అది తిరిగేది. నేను తిప్పితే తిరుగుతోందంటే నువ్వు సరిగ్గా బిగించలేదనే కదా నాన్నా? అందుకే నాకు భయం ఎక్కువైంది. ఇవాళ ఇంకో రెండు చుట్లు తిప్పాను. ఇవాళ పరీక్ష కదా. నువ్వు ఓడిపోకూడదని."

మెకానిక్ పెట్టెలో వెతికి కొత్త బిరడా ఒకటి తెచ్చాడు. చిన్నది దాన్ని కన్నంలో గట్టిగా బిగించింది. "ఎక్కు. ఎలా బిగిస్తావో చూపించు" అంది.

అన్నయ్య పడవలోకి ఎక్కాడు. వెనక గోడమీద బోర్లా వంగి, కంటికి కనబడని బిరడాను చేత్తో తడిమి పట్టుకుని, మెల్లగా కుడికి తిప్పాడు. అతనున్న వైపునుంచి అది కుడి. కింద నిలబడి చూస్తున్న ముగ్గురికీ అది ఎడమ. బిరడా ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. ఊడి చిన్నదాని అరచేతిలో పడింది.

కంచే చేను మేసింది. రక్షణ కోసం వేసిన చెయ్యే ముంచింది. అన్నయ్య పైనుంచి తల వేలాడేసి ఆమె అరచేతి వంక చూశాడు. అతని మొహంలో రంగులు మారుతుంటే చూడలేక మెకానిక్ అటు తిరిగి నిలబడ్డాడు.

నాన్న ట్రైలరు అంచుమీద కూలబడ్డాడు.

"అయితే నేను బిగించాను" అన్నాడు.

"బిగించావు నాన్నా" అంది చిన్నది.

"ప్రతిసారీ బిగించాను."

"ప్రతిసారీ."

ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదిరాయి. నాన్న ఏడవడం ఆమె అంతకుముందు చూడలేదు. అన్నయ్య దిగి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర తడి సిమెంటు మీద కూర్చున్నాడు. 

"పొద్దున కళ్ళు తెరవగానే లేచేవాణ్ణి కాదురా" అన్నాడు నాన్న. "ముందు మీ ఇద్దరి పేర్లు అనుకునేవాణ్ణి. తరవాత మనవల పేర్లు. మీ అమ్మ పోయిన రోజు. నేను పనిచేసిన మిషన్ల పేర్లు వరసగా. అన్నీ వస్తే అప్పుడు లేచేవాణ్ణి. ఒకరోజు ఒక మిషను పేరు తట్టలేదు. ఆ రోజంతా జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. మీరు మాత్రలిచ్చారు."

చిన్నదానికి ఆ రోజు గుర్తుంది. మాత్రలిచ్చింది తనే. అన్నయ్యమీద, తనమీద, ఒకరినొకరు బాధపెట్టకూడదని అందరూ నోళ్ళు కుట్టుకుని కూర్చున్న ఆ ఇంటిమీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. తిలా పాపం తలా పిడికెడు.

"నన్ను కొట్టు నాన్నా" అన్నాడు అన్నయ్య.

"కొడితే నీకు తేలికవుతుంది. నాకేం ఒరుగుతుంది?" నాన్న మొహం తుడుచుకున్నాడు. "నీకు భయమేస్తే నన్నడగాలి. మొహం మీద అడగాలి. నాకు కోపం వస్తుంది, తిడతాను. ఆ కోపం భోజనాల వేళకు పోతుంది. నువ్వు నా వెనక చేసింది ఎండాకాలమంతా నన్ను తినేసింది."

ఆయన మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచాడు. చిన్నదాని దగ్గర బిరడా తీసుకున్నాడు. పడవ వెనక మోకరిల్లి, కన్నంలో పెట్టి, చేత్తోనే తిప్పాడు. బిగుసుకునేదాకా తిప్పి, చెయ్యి తీసి, దులుపుకుని నిలబడ్డాడు.

అన్నయ్య కూడా లేచాడు. నోరు తెరిచి మూశాడు. చిన్నది అతన్ని కళ్ళతోనే పొడిచింది. 

"నాన్నా" అన్నాడు.  "గట్టిగా బిగించావా?"

నాన్న మొహం కందగడ్డైంది.

"నలభై ఏళ్ళు బిగించి బతికినవాణ్ణి, నన్నడుగుతావట్రా వెధవా? నమ్మకం లేకపోతే ఇటొచ్చి నా పక్కన కూర్చుని చూసుకో."

అన్నయ్య వచ్చాడు. నాన్న పక్కన, పడవకు ఎదురుగా కూర్చుని, బిరడాను పట్టుకుని కుడికి తిప్పాడు. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అతను చెయ్యి తియ్యకుండా, నుదురు పడవకు ఆనించి, పైకే ఏడ్చాడు. "చాల్లే, లే, బట్టలు తడిసిపోతున్నాయి" అని నాన్న అతని వీపుమీద చెయ్యి వేశాడు.